బ్రోన్యా రాయించిన పాట

పోలండు దేశపు పాట ఒకటి కొంతకాలం పాటు ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట ఉండేది. ఆ చోటు వార్సాలో కాదు, ఏ లైబ్రరీలోనూ కాదు. మిషిగన్‌లో నోవై అనే ఊళ్లో, గిరిజ భజనల పుస్తకంలో, లక్ష్మీదేవి హారతికీ ఒక మరాఠీ భజనకీ మధ్యన, గుండ్రటి తెలుగక్షరాల్లో ఉండేది. చదవగలిగిన గిరిజకు దాని అర్థం తెలియదు. అర్థం తెలిసేవాళ్లకు ఆ అక్షరాలు రావు. రాయించిన మనిషి కావాలనే అలా రాయించింది.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పుకోవాలి. గిరిజది తెనాలి అవతల చిన్న ఊరు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు. ఆవిడ భర్త వీరభద్రం కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఇద్దరూ ఈ దేశం వచ్చి ఇరవై ఆరేళ్లయింది. శనివారం భజనకు వచ్చే ఆడవాళ్లందరి దగ్గరా ఉన్నట్టే గిరిజ దగ్గరా ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. పాట ఏ భాషలోదైనా సరే, పక్కావిడ పాడుతుంటే విన్నది విన్నట్టు తెలుగులో రాసేసుకోవడమే. హిందీ, తమిళం, కన్నడం, మరాఠీ, చివరికి నవరాత్రుల్లో పక్కింటివాళ్లు పాడిన గుజరాతీ పాట కూడా అందులో చేరింది. "అర్థం తెలీకుండా ఎలా పాడ్తావ్ అమ్మమ్మా, దట్స్ సో వియర్డ్" అని మనవరాలు అనిక నవ్వితే, "పాడించుకునే ఆయనకి తెలుసు కదే, నాకెందుకు" అనేది. సాగదీసే చోట గీత, ఊపిరి పీల్చే చోట చుక్క, తాళం పడే అక్షరం కింద ఒక టిక్కు. ఆ గుర్తులు ఎవరు నేర్పారని? అవసరమే నేర్పింది.

పిల్లలు ఎవరి సంసారాలు వాళ్లు చూసుకుంటున్నాక చేతులు ఊరుకోక, గిరిజ ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పనిలో చేరింది. కేర్‌గివర్ అంటారు ఇక్కడ. అలా మూడేళ్ల కిందట, మంచు ఇంకా కరగని మార్చిలో, నాలుగు వీధుల అవతల ఒంటరిగా ఉంటున్న పోలండు ఆవిడ ఇంటికి పనికి వెళ్లింది.

ఆవిడ పూర్తి పేరు బ్రొనిస్వావా జారెంబ్స్కా. అది నోరు తిరగడానికి గిరిజకు వారం పట్టింది. ముద్దుపేరు బ్రోన్యా అని తెలిశాక బ్రోన్యమ్మ అని తనే మార్చుకుంది. ఎనభై దాటిన మనిషి. కంటి నడిమధ్య మసక కమ్మి, మనిషి అంచులే కనిపించేవి గానీ మొహం కనిపించేది కాదు. చెయ్యి వణికేది, కలం నిలిచేది కాదు. నోరు మాత్రం కత్తి. ఆవిడ "పాని గిరిజా" అని పిలిస్తే గిరిజ మొదటి రోజు రెండుసార్లు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మూడోసారి బ్రోన్యా గ్లాసు పక్కన పెట్టి, "మా భాషలో గౌరవానికి అలా పిలుస్తాం. నువ్వు నన్ను ముంచేసేలా ఉన్నావు" అంది. ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఒకరిది పోలండు కోటు తొడుక్కున్న ఇంగ్లీషు, ఇంకొకరిది తెనాలి చీర కట్టుకున్న ఇంగ్లీషు. అయినా పని జరిగిపోయేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడతో వేగడం తేలిక కాదు. చారులో ఉప్పెక్కువైందంటుంది, బీట్‌రూట్ ఇంత లావు ముక్కలు తరుగుతారా అంటుంది. కానీ కాళ్లకు నూనె రాస్తున్నప్పుడు కథలు చెప్పేది. ఆ కథల కోసం గిరిజ అరగంట ఎక్కువ ఉండిపోయేది.

యుద్ధంలో పుట్టిన పిల్లట. నాన్నను చూడనే లేదు. లూబ్లిన్ అనే ఊళ్లో పెరిగింది. ఇరవై రెండేళ్లకే కవితల పుస్తకం అచ్చయింది. తర్వాత లుద్విక్ అనే పియానో వాయించే అతన్ని పెళ్లి చేసుకుంది. అతను వరస కట్టేవాడు, ఈవిడ మాటలు రాసేది. చిన్న చిన్న నాటకశాలల్లో, రేడియోలో, విద్యార్థుల గదుల్లో వాళ్ల పాటలు పాడేవారు. ఆ రోజుల్లో ప్రతి పాటా సర్కారువారి సెన్సారు ఆఫీసుకు వెళ్లి ముద్ర వేయించుకుని రావాలి. ఒకసారి చలికాలం గురించి రాసిన పాటను పట్టుకుని, "ఈ చలి ఎవరు?" అని అడిగాడట అక్కడి గుమాస్తా. "చలి చలే అన్నాను. నమ్మలేదు. నిజానికి వాడు నమ్మకపోవడమే కరెక్టు" అని బ్రోన్యా పళ్లు కనబడేలా నవ్వింది.

వాళ్లు పాట కట్టే పద్ధతి ఒకటి గిరిజకు భలే నచ్చింది. ముందు వరస పుడుతుంది. వరస మర్చిపోకుండా ఉండటానికి అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలేవో అందులో పోస్తారు. ఉప్పు తే, పప్పు తే, తలుపు గడియ పెట్టు, ఏదైనా సరే. లెక్క కుదిరితే చాలు. ఆ ఉత్తుత్తి మాటలను వాళ్ల పాటలవాళ్లు రిబ్కా అంటారు, అంటే చిన్న చేప. అసలు మాటలు దొరికాక చేపను నీళ్లలోకి వదిలేస్తారు. చేపను జనం ముందు పాడితే పరువు పోయినట్టే.

"మా సినిమాలవాళ్లూ అంతేనట, తాననాన అనుకుంటారట" అంది గిరిజ.

"తాననానకు వాసన లేదు. చేపకు వాసన ఉంటుంది" అంది బ్రోన్యా.

ఎనభై ఒకటో సంవత్సరం నవంబరులో ఆమె డెట్రాయిట్ వచ్చింది. ఇక్కడి పోలండువాళ్ల హాళ్లలో ఆరు వారాలు పాటలు వినిపించి క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లిపోవాలి. భర్తా, ఏడేళ్ల కూతురు ఉర్షులా, అత్తగారూ అక్కడే ఉన్నారు. డిసెంబరు రెండో వారంలో ఫోనులో లుద్విక్ కొత్త వరస ఒకటి పియానో మీద వాయించాడు. అవతల అతను వాయిస్తుంటే ఇవతల ఈమె చేపమాటలు పాడింది. మూడు రోజులు తిరక్కుండా ఆ దేశంలో సైన్యం రాజ్యాన్ని చేజిక్కించుకుంది. ఫోన్లు కోసేశారు, దారులు మూసేశారు.

అక్కడి నుంచి బతుకు ఇక్కడే. పంతొమ్మిదేళ్లు కారు విడిభాగాల కర్మాగారంలో నిలబడి బోల్టులు లెక్కపెట్టింది. ఆదివారం పోలిష్ రేడియో గంట కోసం వారానికో పాట రాసింది. డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామ్క్‌లో పోలండువాళ్ల పెళ్లికీ చావుకీ ఈమె మాటలే. చర్చి ప్రెస్సులో నాలుగు పుస్తకాలు వేశారు. ఇంటికి వెళ్లలేకపోయిన కవయిత్రి అని ఆమెను చూస్తే ముసలివాళ్లు టోపీలు తీసేవారు. లుద్విక్ ఎనభై ఆరులో పోయాడు, ఈమె చివరిచూపుకు వెళ్లలేదు. కూతురు ఇరవయ్యో ఏట వచ్చి తల్లిని చేరుకుంది. ఇప్పుడు గ్రాండ్ రాపిడ్స్‌లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తోంది. నెలకు రెండుసార్లు కారులో రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేది, సూపు చేసిపెట్టేది, తల్లి జుట్టు కత్తిరించేది. గట్టిగా ఒక్క మాట అనేది కాదు. "మా అమ్మను వాళ్లు రానివ్వలేదు" అని గిరిజతో ఒకసారి అంది, వానకు పంట పోయిందని చెప్పినంత మామూలుగా.

లుద్విక్ ఆ ఫోనులో వాయించిన వరసకు మాత్రం అసలు మాటలు రాలేదు. ఏళ్లకేళ్లు చేపే మిగిలింది.

ఈ ఏడు జనవరిలో ఒక రోజు బ్రోన్యా నిద్రపోయిందనుకుని గిరిజ కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తెరిచి మరాఠీ భజన గొణుక్కుంటోంది.

"ఏ భాష అది?" అంది మంచం మీది నుంచి గొంతు.

"మరాఠీ, బ్రోన్యమ్మా."

"నీకు వచ్చా?"

"నాకెక్కడ వస్తుందండీ. విన్నట్టు రాస్తాను, రాసినట్టు చదువుతాను."

బ్రోన్యా లేచి కూర్చుంది. తన భాషలో రెండు పంక్తులు చెప్పి, రాయమంది. గిరిజ రాసింది. టీ తాగాక చదవమంది. గిరిజ చదివింది. బ్రోన్యా కళ్లు మూసుకుని విని, ఒక చోట నాలుక ఎక్కడ పెట్టాలో చూపించి, మళ్లీ చదవమంది. వారం పోయాక ఉన్నట్టుండి "ఆ రెండు పంక్తులు తియ్" అంది. గిరిజ తీసి చదివింది. ఒక్క అక్షరం జారలేదు.

"నాకు కావలసింది నువ్వే" అంది బ్రోన్యా.

ఫోనులో రికార్డు చేసుకోవచ్చు కదా అని గిరిజ అడక్కపోలేదు. టేపుకెక్కిన మాట పోలీసువాడి సొత్తు అని ఆ తరంవాళ్ల నమ్మకం. పోనీ పోలిష్ వచ్చినవాళ్లనెవరినైనా పిలిపించనా అంటే తల అడ్డంగా ఊపింది. "వాళ్లకు అర్థమవుతుంది. అర్థమైనవాళ్లు నన్ను మధ్యలో ఆపుతారు. ఏడుస్తారు, ఓదారుస్తారు, ఆ మాట వద్దంటారు. నువ్వు ఆపవు."

అలా ఫిబ్రవరి అంతా నడిచింది. మొదట చేప రాయించింది, తాళం ఎక్కడ పడుతుందో గిరిజకు పట్టుబడాలని. అది చెబుతున్నంతసేపూ ఆమె మొహం పండుగలా ఉంది, మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా. తర్వాత అసలు పాట. నాలుగు చరణాలు. రోజుకు ఒక పంక్తి, ఒక్కోరోజు ఒక్క మాట. చెప్పి, కొట్టేయించి, మళ్లీ చెప్పేది. అది చెబుతున్నప్పుడు దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోయేది. గిరిజకు మాటలు తెలియవు గానీ మనుషులు తెలుసు. ఇదేదో కడుపులో కుంపటి అని తెలిసిపోయింది.

చివరి పంక్తి అయిన రోజు బ్రోన్యా ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను పోయాక ఉర్షులా వస్తుంది. అసలుది చదువు. మొత్తం చదువు. చేపతో సరిపెట్టకు. మాట ఇయ్యి."

గిరిజ చేతిలో చెయ్యేసింది. మార్చిలో బ్రోన్యాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏప్రిల్లో పోయింది.

ఉర్షులా సెప్టెంబరులో వచ్చింది. ఇల్లు ఖాళీ చేయడం, కాగితాలు సర్దడం, అన్నీ అయ్యాక శనివారం పొద్దున గిరిజ ఇంటికే వచ్చింది. యాభై ఒక్కేళ్ల మనిషి, తెల్లటి షర్టు, చెవుల దాకా కత్తిరించిన జుట్టు. వీరభద్రం తలుపు తీసి, "రామ్మా, మా ఆవిడకి రాని భాష లేదు, అర్థమయ్యే భాష ఒక్కటీ లేదు" అన్నాడు. ఆ పిల్ల మర్యాదకు నవ్వింది. నవంబరు మొదట్లో వాళ్ల పెద్దల దినాలు వస్తాయి, సమాధుల మీద దీపాలు పెడతారు. ఆ ఆదివారం మధ్యాహ్నం హామ్‌ట్రామ్క్ హాల్లో బ్రోన్యా సంస్మరణ సభ. మాట పడిపోకముందు అమ్మ ఫోనులో చెప్పింది, ఏదో చివరి పాట మీ దగ్గర రాయించిందట, అది నేను పాడాలి అంది.

ఇక్కడ గిరిజ ఒక పొరపాటు చేసింది. అసలుది చదవమని కదా ఒట్టు. కానీ తల్లి పోయి ఆరు నెలలు కాని పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ దుప్పటి అంచు పిడికిలి కళ్లముందు మెదిలింది. చేదు మందుకు ముందు బెల్లంముక్క పెట్టినట్టు ముందు చేపను చదివితే పోలేదా అనుకుంది. ఇది చేప అని చెప్పకుండానే మొదలుపెట్టింది, వరసతో సహా.

రెండో పంక్తికే ఉర్షులా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యేసరికి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఏముందో తెలుసా ఇందులో? పొయ్యిలో బొగ్గు వెయ్యి లుద్విక్. పిల్లకు ఉన్ని మేజోళ్లు తొడుగు, ఆకుపచ్చవి కాదు, అవి చిరిగాయి. మీ అమ్మకు మందు గుర్తుచెయ్యి. రొట్టె గుడ్డలో చుట్టిపెట్టు, నేను వచ్చేస్తున్నాను. నా ఆకుపచ్చ మేజోళ్లు, పాని గిరిజా. అమ్మకు గుర్తున్నాయి. ఇదా అమ్మ చివరి పాట."

ఆమె బ్యాగులోంచి కాగితం తీసి గబగబా రాసుకుంది. రెండుసార్లు చదివించుకుంది. ఇంక చాలు, ఇంతకన్నా నాకేం వద్దు అంది. కాగితం మడిచి, కాఫీ కప్పు సింకులో పెట్టి, కోటు అందుకుంది.

గిరిజ పుస్తకం మూయలేదు. వంటింటి గుమ్మంలోంచి వీరభద్రం కళ్లతోనే వద్దన్నాడు. ఆగలేక తెలుగులో, "పిల్ల సంతోషంగా వెళ్తోందే. ఊరుకో. నీకేమైనా అర్థమయి చచ్చిందా దాన్లో ఏముందో?" అన్నాడు.

"అర్థం కాదనే కదండీ నాకిచ్చింది" అంది గిరిజ.

నిజానికి ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. ఏది చేపో ఏది పాటో లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు. పేజీ చింపి పారేసినా ఎవరికీ తెలియదు. ఆ బిడ్డ తల్లి ప్రేమగా వెళ్లిపోయిందని గుండెల్లో పెట్టుకుని బతుకుతుంది. కానీ చచ్చిపోయేముందు ఒక మనిషి నెలంతా ఒక్కో మాటా గొంతులోంచి పీకి ఇచ్చింది. మోసుకొచ్చిన కూలీకి మూటలో ఏముందో చూసి దింపాలా వద్దా తేల్చే హక్కు ఉంటుందా?

"ఆగమ్మా ఉర్షులా" అంది. "ఇందాకటిది పాట కాదు. చేప. రిబ్కా. తప్పు నాది, ముందే చెప్పాల్సింది. పాట వేరే ఉంది. మొత్తం చదువుతానని మీ అమ్మకు మాటిచ్చాను."

ఉర్షులా కోటు ఒక చెయ్యి తొడుక్కుని అలాగే నిలబడింది. గిరిజ చదవడం మొదలుపెట్టింది. మొదటి చరణానికి ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. రెండో చరణానికి కూర్చుంది. మూడో చరణం చివర చెయ్యి ఎత్తింది.

"ఆపండి."

గిరిజ ఆపింది.

"ఇందులో ఏముందో మీకు తెలుసా?"

"తెలీదు తల్లీ. ఒట్టు."

ఉర్షులా కిటికీలోంచి పక్కింటి గరాజు వైపు చూస్తూ చెప్పింది. గొంతులో ఏ రంగూ లేదు. "ఎనభై నాలుగులో అక్కడి సర్కారు నుంచి ఉత్తరం వచ్చిందట, రమ్మని. మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు, మీ ఇంటికి మీరు రావచ్చు అని. అది సొరుగులో పెట్టేసిందట. ఇక్కడ నాకు చప్పట్లు కొట్టారు, అక్కడికి వెళితే రొట్టె కోసం క్యూలో నిలబడే ఆడదాన్ని, అంటోంది. సరిహద్దు మూశారని నా కూతురికి రాశాను, మూసింది నేనే, అంటోంది." గిరిజ వైపు తిరిగింది. "అప్పటికి నాకు పదేళ్లు. నాన్న ఇంకా బతికే ఉన్నాడు."

వీరభద్రం గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎందుకు చదివారు?" అంది ఉర్షులా. అరవలేదు. అరిచినా బాగుండేది. "నేను వెళ్లిపోతున్నాను కదా. చూశారు కదా, కోటు వేసుకుంటున్నాను."

ఇంకో చరణం మిగిలిందమ్మా అంది గిరిజ. ఉర్షులా విననట్టే వెళ్లిపోయింది. కారు సందు మలుపు తిరిగేదాకా గిరిజ గుమ్మంలోనే ఉంది.

తర్వాత ఐదు వారాలు ఆ ఇంట్లో అన్నం సహించలేదు. భజనకు వెళితే పుస్తకం తెరవబుద్ధి పుట్టేది కాదు. భజనలో ఈమె పక్కన కూర్చునే రాధారాణి సంగతంతా విని, "అయినా నువ్వు భలేదానివి వదినా. చెడ్డ కబురు మోసేవాళ్లని వెనకటికి రాజులే చంపించేవాళ్లు. నువ్వు కాఫీ ఇచ్చి మరీ చెప్పావు" అంది. ఒకటి రెండుసార్లు ఫోను తీసి నంబరు దాకా వెళ్లి పెట్టేసింది. ఏమని చెప్పాలి? క్షమించమనా? మాట నిలబెట్టుకున్నందుకు క్షమాపణ ఎలా చెప్పుకుంటారు?

సభకు మూడు రోజుల ముందు, గిరిజ పప్పులో తాలింపు వేస్తుండగా ఫోను మోగింది.

"పాని గిరిజా. నాలుగో చరణం చదవండి."

గిరిజ స్టవ్ కట్టేసింది. చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసింది. ఒక్కో పంక్తీ చదివి ఆగింది. అవతల కలం గీసుకుంటున్న చప్పుడు. మూడో పంక్తి మళ్లీ చదివించుకుంది. నాలుగోది మళ్లీ. తర్వాత మొదటి నుంచి మొత్తం పాట చదవమంది. గిరిజ చదివింది.

"క్షమించమని అమ్మ అడగడం లేదు" అంది చివరికి ఉర్షులా. "క్షమించానని అనకు అంటోంది. నిజం తెలిసిన మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ఒక్కరూ నువ్వు కావాలి అంటోంది. అంతే." తర్వాత, "ఆదివారం మీరు వస్తారా?" అంది.

హామ్‌ట్రామ్క్ హాలు పాతది, కర్ర నేల. రెండు వందల మంది దాకా వచ్చారు, ఎక్కువమంది తలలు నెరిసినవాళ్లే. వేదిక మీద బ్రోన్యా వయసులో ఉన్నప్పటి ఫొటో, దాని ముందు దీపాలు. పోలండువాళ్ల సంఘం పెద్దాయన పోలిష్‌లోనూ ఇంగ్లీషులోనూ మాట్లాడాడు. తలుపులు మూసేసిన దేశం కోసం నలభై ఏళ్లు పాడిన తల్లి అన్నాడు. ముసలమ్మలు ముక్కులు చీదుకున్నారు. గిరిజ వెనక వరసలో పట్టుచీర మీద చలికోటు వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పక్కన వీరభద్రం.

ఉర్షులా పియానో దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు నాన్న ప్రతి ఆదివారం వాయించిన వరస ఇది, దీనికి మాటలు మొన్ననే దొరికాయి అని ఇంగ్లీషులో చెప్పి, వాయించడం మొదలుపెట్టింది.

ఏది పాడుతుందోనని గిరిజ ఒళ్లో పుస్తకం తెరిచింది. మేజోళ్ల పాట పాడితే ఈ జనమంతా మురిసిపోతారు, తల్లి పేరు నిలుస్తుంది, ఎవరూ తప్పుపట్టరు. మొదటి మాట విని పేజీ వెతుక్కుంది. అసలుదే. ఒక్కో అక్షరం కింద వేలు జరుపుకుంటూ వెంట నడిచింది. రెండో చరణంలో ముసలమ్మలు చేతిరుమాళ్లు దించేశారు. మూడో చరణం దగ్గర ముందు వరసలో ఒక ముసలాయన టోపీ పెట్టుకుని లేచి, కర్ర చప్పుడు చేసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. సంఘం పెద్దాయన తల వంచుకున్నాడు. ఉర్షులా ఆగలేదు. ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట మెత్తబరచలేదు. నాలుగో చరణం అయింది. పుస్తకంలో పాట అయిపోయింది.

కానీ ఉర్షులా ఇంకా పాడుతోంది. అదే వరసలో ఇంకో రెండు పంక్తులు. గిరిజ పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది. ఎక్కడా లేవు.

చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. కొందరు కొట్టారు. ఒక ముసలావిడ వేదిక దగ్గరికి వెళ్లి ఉర్షులా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో అంది. ఇంకొందరు పలకరించకుండా కోట్లు తీసుకుని వెళ్లిపోయారు. కాఫీల దగ్గర గుసగుసలు లేచాయి. అవి తనకు అర్థం కావడంలేదని గిరిజ మొదటిసారి సంతోషించింది.

హాలు పలచబడ్డాక ఉర్షులా వెనక వరసకు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అలసిపోయి ఉంది. తల్లి పోలికలు ఇంతవరకూ గిరిజకు కనబడలేదు, ఇప్పుడు దవడ దగ్గర కనబడ్డాయి.

"చివర రెండు పంక్తులు నా పుస్తకంలో లేవు తల్లీ" అంది గిరిజ భయపడుతూనే. "నేను రాసుకోవడంలో పోయాయా?"

"లేదు. మీరేం పోగొట్టలేదు. అవి నావి."

"అలాగా."

"అమ్మకు జవాబు." ఉర్షులా వేదిక మీది ఫొటో వైపు చూసింది. "నాన్నకు నీ మీద కోపం లేదమ్మా. నాకు ఉంది."

వీరభద్రం కారు గుమ్మం దగ్గరికి తెస్తానని లేచి వెళ్లాడు. గిరిజ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేయబోయి, వేయవచ్చో లేదో తెలియక, కుర్చీ మీద వేసింది. ఉర్షులానే ఆ చెయ్యి తీసుకుని పుస్తకం మీద పెట్టింది.

"రాసుకోండి" అంది. "కింద చోటుంది కదా."

గిరిజ సంచిలో తడిమి కలం తీసింది. ఉర్షులా నెమ్మదిగా చెప్పింది, తల్లి చెప్పినట్టే, ఒక్కో మాటా. గిరిజ విన్నది విన్నట్టు రాసింది. ఈసారి అర్థం తెలిసి రాసింది. రాశాక చదివి వినిపించింది. ఉర్షులా ఒక చోట దిద్దింది. గిరిజ మళ్లీ చదివింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది ఉర్షులా.